తడికలో కన్నం

కంభం దగ్గర ఒక పల్లెలో సిలారు సాయెబు అని పరుపులు కుట్టే ఆయన ఉండేవాడు, ఆయనకు తన నీడ తన వెంట వచ్చినా అనుమానమే. పాలు పోసే ఆమె ఇంట్లోకి తొంగి చూసింది, ఎందుకు చూసినట్టు? పక్కింటాయన పొద్దున్నే పలకరించాడు, ఏం ఆశించి పలకరించినట్టు? భార్య దస్తగిరమ్మ ఊరికే నవ్వినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు మరి.

ఆయన పెరటికి ఆనుకునే మసీదు ఉండేది. ఆ రోజుల్లో దానికి మైకు లేదు. అజాన్ ఇచ్చే ముసలాయన కింద గుమ్మంలోనే నిలబడి నమాజుకు పిలిచేవాడు. ఆయన పోయాక కనిగిరి వైపు నుంచి మీరావలి అనే మనిషి ఆ పనికి వచ్చాడు. పిలుపు ఊరంతా వినబడాలని మిద్దె ఎక్కి ఇవ్వడం మొదలుపెట్టాడు. పాపం, ఇల్లూ వాకిలీ లేనివాడు. మసీదు పక్క గదిలోనే భార్యతో కాపురం. ఆ పని ఊడితే ఆలుమగలిద్దరూ రోడ్డున పడాల్సిందే.

సిలారు మసీదులో అడుగు పెట్టేది రంజానుకూ బక్రీదుకూ మాత్రమే. అజాన్ రోజూ చెవిన పడేది గానీ అందులో ఏం చెబుతారో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. మనవరాలు పుట్టినప్పుడు బిడ్డ చెవిలో అజాన్ చెప్పడానికి మీరావలినే పిలిచారు. అప్పుడు కూడా ఈ మహానుభావుడు, పసిదానికి దిష్టి పెడతాడేమోనని ఆ మనిషి కళ్ళనే చూస్తూ కూర్చున్నాడు తప్ప మాట వినలేదు.

ఒక రోజు సిలారు పెట్టకోడి కనబడలేదు. ఇంకేముంది, పెరడంతా తిరగేశాడు. అంతలో మిద్దె మీద అజాన్ మొదలైంది. మీరావలి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పడమటికి తిరిగి పిలుస్తున్నాడు. సగం దాటాక మెడ కుడివైపు తిప్పాడు, తర్వాత ఎడమవైపు తిప్పాడు. ఎడమవైపు ఉన్నది సిలారు పెరడు. మరుసటి పూట కూడా కాపు కాసి చూశాడు. సరిగ్గా అదే చోట మళ్ళీ అలాగే తిప్పాడు.

"దేవుణ్ణి పిలిచేవాడికి నా పెరట్లో ఏం పని?" అన్నాడు భార్యతో.

ఆయన్నే అడగరాదా అంది దస్తగిరమ్మ. దొంగను అడిగితే దొంగనని ఒప్పుకుంటాడా అని కసిరాడు సిలారు. తిన్నగా మసీదు పెద్ద ఇమాంసా దగ్గరికి పోయి, మీరావలి కోళ్ళ దొంగ, పంపించేయమన్నాడు. సాక్ష్యమేదని అడిగాడు ఇమాంసా. మెడ తిప్పే సంగతి సిలారు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కోడికూరలో ఇమాంసాకూ వాటా ఉందేమోనని అనుమానం! ఇమాంసా, శుక్రవారం లోపల రుజువు చూపిస్తే మీరావలిని పంపేస్తానని, చూపించలేకపోతే నిందలు మోసుకుని మళ్ళీ తన గడప తొక్కవద్దని చెప్పాడు.

సిలారు మసీదు వైపు నిలువెత్తు తడిక కట్టాడు. దానికి కంటికి సరిపోయేటంత కన్నం పెట్టాడు. ఇక ఆయనకు పరుపులూ లేవు, దూదీ లేదు, కన్నమే లోకం.

గురువారం సాయంత్రం దస్తగిరమ్మా కోడలూ నీళ్ళకు వెళ్ళారు. పెరట్లోని దూది కొట్టంలో ఉయ్యాల కట్టి, పాపను పడుకోబెట్టి, చూస్తూ ఉండమని సిలారుకు అప్పగించారు. ఆయన కొట్టం బయట బీడీ కాలుస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక దూది దగ్గర నిప్పు పారేసిన మనిషి కాదు. కానీ అజాన్ మొదలయ్యేసరికి ఎక్కడ ఆలస్యమవుతుందోనని, బీడీ ఎటు పడిందో చూడకుండా విసిరి తడిక దగ్గరికి పరుగెత్తాడు.

కన్నంలో కన్ను పెట్టాడు. మీరావలి కుడికి తిరిగాడు. ఎడమకు తిరిగాడు. తిరిగినవాడి కళ్ళు పెద్దవయ్యాయి. పలుకు మధ్యలో తెగిపోయింది. దొరికావురా దొంగా అని సిలారు లోలోపల గంతులేశాడు.

"మామా, వెనక చూడు! పాప!" అని అరిచాడు మీరావలి.

అరుస్తూనే మిద్దె మీంచి దూకాడు. తడిక విరిగి సిలారు మీద పడింది. ఆయన లేచి చూసేసరికి కొట్టం గుమ్మంలో దూది భగ్గున మండుతోంది, మీరావలి ఆ మంటలోకి దూరుతున్నాడు. సిలారు పడుతూ లేస్తూ కొట్టం వైపు పరుగెత్తాడు. అంతలోనే మీరావలి పాపను గుండెకు అదుముకుని బయటికి వచ్చాడు. పాపకు ఏమీ కాలేదు. మీరావలి చేతులు మాత్రం మోచేతుల దాకా బొబ్బలెక్కాయి.

సగంలో ఆగిన అజాన్ విని ఏదో జరిగిందని ఊరంతా పరుగెత్తుకొచ్చింది. తడి గోతాలు వేసి మంట ఆర్పారు. మిగిలిన దూది బయటికి లాగుతుంటే, వెనక మూలలో పెట్టకోడి గుడ్ల మీద పొదుగుతూ కూర్చుని ఉంది. దగ్గరికి పోయినవాళ్ళందరినీ పొడిచింది. ఇమాంసా కోడినీ చూశాడు, సిలారునూ చూశాడు.

సిలారు మీరావలి ముందు కూలబడి ఏడ్చాడు. "అజాన్ మధ్యలో రోజూ నా పెరటి వైపే ఎందుకు చూస్తావు నాయనా?" అని అడిగాడు. ఆ మాట మొదటి రోజే అడిగి ఉంటే ఎంత బాగుండేది.

"చూడడం కాదు మామా, పిలవడం," అన్నాడు మీరావలి. "దేవుడు గొప్పవాడని పడమటికి తిరిగి చెబుతాం. నమాజుకు రండి అని కుడివైపు వాళ్ళకు, మేలుకు రండి అని ఎడమవైపు వాళ్ళకు మొహం తిప్పి చెబుతాం. అది మన ఆనవాయితీ. నేను దేవుణ్ణి పిలవడం లేదు. ఇన్నాళ్ళూ నిన్నే పిలుస్తున్నాను."

సిలారు అందరి ముందూ తన నోటితోనే తాను వేసిన నింద అబద్ధమని చెప్పి, మీరావలి కాలిన చేతులు పట్టుకుని క్షమించమన్నాడు.

తెగిన అజాన్‌ను మొదటి నుంచి ఇవ్వడానికి మీరావలి మసి మొహంతోనే మళ్ళీ మిద్దె ఎక్కాడు. మేలుకు రండి అని ఎడమకు తిరిగినప్పుడు, విరిగిన తడిక అవతల పెరట్లో ఎవరూ లేరు. సిలారు అప్పటికే నమాజుకని మసీదు తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

నీతి: ఎదుటివాడి చూపుకు కాపలా కాసేవాడు తన ఇంటికి వీపు తిప్పుతాడు, కాబట్టి ఎవరినైనా అనుమానించే ముందు, వాళ్ళు చెప్పేదేమిటో అడిగి వినాలి.