బావమరుదుల కొండ

నల్లమల అడవి నడుమ, తేనెపట్లు వేలాడే నిలువు బండే బావమరుదుల కొండ. బండ నడిమి గుహలోంచి జలపాతం దూకుతుంది. పైన చందనం పూసిన మూడు శిలలున్నాయి: యక్షుడు, నాగుడు, రాక్షసుడు. రాక్షసుడికి హారతేమిటని మొహం చిట్లించేవారు కాస్త ఓపిక పట్టి ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ శోషకుడనే అసురుడు ఆ గుహలో చేరి కొండలోని నీరంతా తాగేసేవాడు. ఎగిరేవారి చేత, పాకేవారి చేత, నేల మీద నిలిచేవారి చేత తనకు చావు లేకుండా వరం పొందాడు. రత్నకేశుడనే యక్షుడు ఎగిరి వెళ్లాడు, శబలుడనే నాగుడు పాకి వెళ్లాడు, స్థూలజంఘుడనే రాక్షసుడు నడిచి వెళ్లాడు. ముగ్గురూ చావుదెబ్బలు తిని తిరిగొచ్చారు. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు.

వారికి పసరు కట్టింది అంకాలు అనే చెంచు ఇల్లాలు. "తాడుకు వేలాడేటోడు ఎగరడు, పాకడు, నేల తొక్కడు" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది. అలా వేలాడి తేనె తీసేవాడు ఆమె పెనిమిటి ఈదన్నే. చెంచుల్లో ఆ తాడును భార్య తోబుట్టువు తప్ప వేరొకరు పట్టరు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఎవరు పోగొడతారు? అంకాలుకున్న ఒక్క అన్న ఆ కరువులోనే కన్నుమూశాడు.

"మేం పడతాం" అన్నాడు రాక్షసుడు.

"నీకు బలముంది. నా మొగుడు పడిపోతే నీకేం పోతది?" అంది అంకాలు.

ఆమె చాలాసేపు ఆలోచించి, గడ్డలు ఉడికించి ముగ్గురికీ ఒకే ఆకులో పెట్టింది. "ఇది తిన్నోళ్లు నాకు అన్నలు. ఇష్టం లేనోళ్లు లేచిపోండి" అంది. యక్షుడు ముక్కు విరిచాడు గానీ లేవలేదు. "తిను అన్నా" అనగానే రాక్షసుడు ముద్దను కళ్లకద్దుకుని తిన్నాడు. ఆ పిలుపు అతను పుట్టాక విన్నది లేదు.

తెల్లవారి ముగ్గురూ పైన తాడు పట్టగా, ఈదన్న దానికి వేలాడుతూ గుహ దగ్గరికి దిగాడు. అతణ్ణి చూసి అసురుడు గడగడలాడాడు. తాడు వదిలితే యక్షుడికి నిధులు, నాగుడికి పాతాళం, రాక్షసుడికి రాజ్యం ఇస్తానని అరిచాడు. అంతలో బండ అంచుకు ఒరుసుకుని తాడు పేలికలు కాసాగింది. నాగుడు తన ఒంటిని అక్కడ చుట్టి, చర్మం ఊడుతున్నా కదల్లేదు. యక్షుడు రెక్కలు విప్పి పైకి గుంజాడు. రాక్షసుడు మడమలు పాతి గర్జించాడు.

"ఓరీ, ఈ తాడు వదిలి మా చెల్లెలి ముఖం ఎట్లా చూడమంటావురా!"

పక్కనే నిలిచిన అంకాలు సంతోషం పట్టలేక బోరున ఏడ్చింది. కింద ఈదన్న తేనె కోసే వెదురుకత్తిని అసురుడి గొంతులో దించాడు. వాడు తాగిన నీరంతా ఒక్కసారిగా గుహలోంచి దూకింది. కొండజనం కేకలు వేస్తూ అందులో తడిసి ముద్దయ్యారు. పైకి లాగిన ఈదన్నను రాక్షసుడు "బావా!" అని కావలించుకుంటే అతని ఎముకలు పటపటమన్నాయి.

పరమేశ్వరుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నాడు. "మా చెల్లెలు ఎప్పుడొచ్చినా మేం ఇంట్లో ఉండాలి స్వామీ" అన్నారు ముగ్గురూ. అలా శిలలై అక్కడే నిలిచారు.

నేటికీ తొలకరి వేళ తోబుట్టువులు లేని ఆడపడుచులు ఈ కొండ ఎక్కుతారు. చెంచు పూజారి కులం, గోత్రం అడగడు. రాక్షసుడి పాదాల దగ్గరి చీర, పసుపుకుంకుమ ఒడిలో పెట్టి, "పుట్టింటికొచ్చినవు తల్లీ, తిని పో" అంటాడు.