టేకాకు కొసన చిన్న అక్షరాలు

అనగనగా ఒక అడవిలో ఒక తీతువు పిట్ట పత్రిక నడిపేది. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. మనుషులు నడపగా లేనిది పిట్ట నడిపితే తప్పేమిటి?

ఆ అడవి నిండా టేకు చెట్లు, ఇప్ప చెట్లు. లేత టేకాకును అరచేతిలో నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది, మీరూ ఎప్పుడో నలిపే ఉంటారు. ఆ రసమే తీతువుకు సిరా. ముదిరిన టేకాకే కాగితం. ఒక పురుగు తెచ్చినవాళ్లకు ఒక ఆకు. ఆ తీతువు పేరు బసవలింగం.

పత్రిక పెట్టిన మొదటి రోజు బసవలింగం 'వాగులో నీళ్లు తేటగా ఉన్నాయి' అని రాశాడు. ఒక్క ఆకూ అమ్ముడుపోలేదు. మర్నాడు 'వాగులో నీళ్లు తాగితే ఏమవుతుందో తెలుసా?' అని రాశాడు. మధ్యాహ్నం కాకుండానే ఆకులన్నీ అయిపోయాయి. నీళ్లు తాగితే ఏమవుతుంది? దాహం తీరుతుంది. ఆ మాట కూడా ఆకులో ఉంది. ఆకు కొసన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఆ చిన్న అక్షరాలు రాసేది బసవలింగం భార్య నాంచారమ్మ. ఆవిడకు అబద్ధం పడదు.

"ఏమండీ, ఉన్నది ఉన్నట్టు నన్ను నాలుగు ముక్కలు రాయనివ్వకపోతే పుట్టింటికి పోతాను" అంది నాంచారమ్మ.

"రాసుకోవే, ఎవరు వద్దన్నారు? ఎవరికీ కనపడకుండా రాసుకో" అన్నాడు బసవలింగం.

అలా కుదిరింది వాళ్ల కాపురం. ఆకంతా ఆయనది, కొస ఆవిడది.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండింది, గడ్డి మాడింది, పురుగులు భూమి లోపలికి దూరాయి. తినడానికే పురుగు దొరకనప్పుడు పత్రిక కోసం పురుగు తవ్వేదెవరు? బసవలింగం కడుపు వీపుకు అంటుకుపోయింది. గట్టి భయం ఒకటి పుట్టిస్తే తప్ప జనం మట్టి తవ్వరని ఆయనకు అర్థమైంది.

ఎండాకాలంలో ఆ అడవికి అన్నం పెట్టేది ఇప్ప చెట్లే. తెల్లవారేసరికి చెట్టు కింద పూలు రాలి ఉంటాయి, తియ్యగా, మెత్తగా. నిలవుండి పులిస్తే కాస్త తల తిరుగుతుంది. ఒక ఎలుగుబంటి పులిసిన పూలు తిని, చెట్టుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, అక్కడే పడి నిద్రపోయింది. జరిగింది అంతే. బసవలింగానికి అది చాలు.

మొదటి రోజు ఎర్రటి అక్షరాల్లో ఇలా వచ్చింది: 'ఇప్పమత్తులో చెట్టుకు తాళి కట్టిన ఎలుగు!'

రెండో రోజు: 'ఇప్పపూల వాసనకే ఊడిపడ్డ కోతి తోక!' కోతులన్నీ ఆ పూటంతా తోకలు పట్టుకునే తిరిగాయి.

మూడో రోజు: 'మీ పిల్లలు ఇప్పమత్తుకు అలవాటు పడ్డారా? ఈ గుర్తులు చూసుకోండి! పొద్దున లేపితే లేవరు. చెప్పిన మాట వినరు. ఊరికే నవ్వుతారు. తిండి వద్దంటారు, కాసేపటికి ఆకలంటారు.'

తల్లులందరూ గుండెలు బాదుకున్నారు. ప్రతి పిల్లకీ అన్ని గుర్తులూ ఉన్నాయి! మీకూ ఉన్నాయి, నాకు తెలుసు.

ఇక ఇప్ప చెట్ల వైపు ఎవరూ పోలేదు. పూలు రాలినవి రాలినట్టే ఉన్నాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తూనే ఉన్నాయి.

ఆ అడవిలో కోటమ్మ అనే అడవికోడి ఉండేది. ఆ ఏడు ఆమెకు తొమ్మిది పిల్లలు. పోయిన ఎండాకాలం ఆమె పిల్ల ఒకటి నల్లబండ దగ్గర ఏదో ఏరుకు తిని, గిరగిరా తిరిగి పడి చచ్చిపోయింది. అది ఏం తిందో కోటమ్మకు తెలియలేదు. ఎవరూ చెప్పలేదు. ఈ తొమ్మిదిలో ఒక్కటీ పోకూడదన్నదే ఆమె పట్టుదల. అందుకే ఎంత కష్టమైనా పురుగు తవ్వి పత్రిక తెచ్చుకునేది. ఏ మూల ఏ ముక్క ఉంటుందోనని కొస దాకా చదివేది.

మూడో రోజు ఆకు కొసన ఇలా ఉంది: 'తాజా ఇప్పపూలు మంచివే, తినండి. నల్లబండ గుంటలో పూలు మాత్రం తినకండి. వాటిలో ఉమ్మెత్త గింజలు కలిశాయి, నేను చూశాను. పొరపాటున తింటే ఈకతో గొంతు గెలికి కక్కించండి. ఒంటరిగా వదలకండి.'

కోటమ్మ ఆలోచనలో పడింది. ఇన్ని అబద్ధాల కింద ఈ ఒక్క ముక్క నిజమవుతుందా? నమ్మి పూలు పెడితే పిల్లలకు ఏమైనా అయితే? నమ్మకపోతే ఆకలికి మాడిపోతాయే! తెలిసినవాళ్లను అడుగుదామని నల్లబండకు వెళ్లింది.

నల్లబండ మీద ఏకాంబరం మాస్టారని ఒక ముళ్లపంది ఉండేవారు. ఏ ఆకు మందో, ఏ వేరు విషమో ఆయనకు తెలియనిది లేదు. ఒంటి నిండా ముళ్లు, ప్రతి ముల్లూ ఒక కలం. ఆయన పక్కన ఎప్పుడూ ఒక తాబేలు కూర్చుని, ఆయన ఏమన్నా "అంతే కదా మరి" అనేది.

కోటమ్మ ముక్కున ఎర్రటి ఆకు చూడగానే మాస్టారు పకపకా నవ్వారు.

"ఏమ్మా కోటమ్మా! నీకూ తోక ఊడిందా?"

"అది కాదు మాస్టారూ, ఈ కొసన ఒక మాట ఉందండి. నిజమో కాదో మీరు చూసి చెబితే..."

"కొస ఏమిటి, మొదలేమిటి! కుండెడు అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? దాని నెత్తినున్న ఎర్రటి అక్షరాలు చూశాక ఇంకేం చదవాలి? ఇలాంటి ఆకులు రాసేవాడిది కాదమ్మా తప్పు. చదివేవాళ్లది! ఈ ఎర్రాకు చదివేవాళ్లకు బుర్రలో గుజ్జు ఎండి గవ్వలా గలగలలాడుతుంది. ఇదిగో, నీది ఇక్కడికే వినిపిస్తోంది."

"అంతే కదా మరి" అంది తాబేలు.

కోటమ్మ ముఖం చిన్నబోయింది. అయినా అడుగు వెనక్కి వేయలేదు. "పిల్లలు ఆకలితో ఉన్నాయి మాస్టారూ. ఒక్కసారి చూడండి."

మాస్టారు ఆకు ముట్టుకోను కూడా లేదు. "రేపు పొద్దున్నే రా. అందరినీ తీసుకురా. మీ అందరి ముందూ కడుపు పగిలేలా ఇప్పపూలు తిని చూపిస్తాను. అప్పటికైనా సిగ్గు తెచ్చుకుంటారు" అన్నారు.

తెల్లవారింది. అడవి అంతా నల్లబండ చుట్టూ చేరింది. బసవలింగం కూడా సిరా పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మాస్టారు చెట్టు దాకా నడిచి తాజా పూలు తెచ్చుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయనకు బద్ధకం. గాలికి కొట్టుకొచ్చిన పూలు బండ మీద గుంటలో కాలి దగ్గరే ఉన్నాయి. గుంట పక్కన ఉమ్మెత్త మొక్క కాయలు పగిలి గింజలు రాల్చింది. ఆయన అటు చూస్తేగా! ఆయన చూపంతా జనం మీదే.

ఒక పిడికెడు తీసి నోట్లో వేసుకున్నారు.

"మాస్టారూ, ఆ గుంటలోవి వద్దండీ!" అని అరిచింది కోటమ్మ.

"చూశారా, చదువరి భయం!" అన్నారు మాస్టారు. జనం నవ్వారు. ఆయన రెండో పిడికెడు తీసుకున్నారు.

"వాటిలో ఉమ్మెత్త ఉందండీ, ఆకులో రాశారు!"

"ఆకులో రాశారట!" అని మాస్టారు కడుపు పట్టుకున్నారు. జనం ఇంకా నవ్వారు. మూడో పిడికెడు తీసుకున్నారు. కోటమ్మ ఎగిరి ఆయన చేతి మీద వాలబోయింది. ఆయన ముళ్లు నిక్కబొడిచారు. ఆమె దగ్గరికి పోలేకపోయింది. మూడో పిడికెడు కూడా లోపలికి పోయింది.

కాసేపు ఏమీ కాలేదు. మాస్టారు గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టారు.

"భయపడేవాడు... భయపడేవాడు..." అని ఆగి, తాబేలు వైపు తిరిగి చేతులు జోడించారు. "పెద్దపులి గారూ! ఎప్పుడొచ్చారు?"

"అంతే కదా మరి" అంది తాబేలు, అలవాటు కొద్దీ.

తర్వాత మాస్టారు గుంట పక్కనున్న ఉమ్మెత్త కాయలు కోసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. గుండ్రంగా, చుట్టూ ముళ్లతో ఉంటాయి కదా అవి. "నా బంగారు తండ్రులు! అచ్చం నా పోలికే!" అని ఒక్కొక్కదాన్నీ ముద్దు పెట్టుకున్నారు. ఆపైన లేచి, ఒక తీగ తెంపి, బండ కింద ఉన్న చీమల పుట్టకు మూడు ముళ్లూ వేశారు. ఎలుగు కట్టని తాళి ముళ్లపంది కట్టింది! బసవలింగం ఆనందం పట్టలేక సిరా ఒలకబోసుకున్నాడు.

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుండగానే మాస్టారు నేల మీద పడిపోయారు. కళ్లు పెద్దవైపోయాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. నవ్వులు ఆగిపోయాయి.

"మత్తు! అంటుకుంటుంది! పారిపోండి!" అని ఎవరో అరిచారు. అంతే, అడవి ఖాళీ. తాబేలు "నేను సాయం తెస్తాను" అని బయల్దేరింది. అది బండ దిగేసరికి సాయంత్రమైంది, అది వేరే సంగతి.

మిగిలింది కోటమ్మ ఒక్కతే. ఆమెకూ భయం వేసింది. నిన్న తన బుర్ర గవ్వలా గలగలలాడుతుందన్నది ఈయనే అని గుర్తుకూ వచ్చింది. కానీ పోయినేడు తన పిల్ల ఇలాగే కాళ్లు కొట్టుకుంది. అప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

తన తోకలో పొడుగాటి ఈక ఒకటి పీక్కుంది. ముళ్ల మధ్యలోంచి దూరి, మాస్టారి గొంతులో ఈక పెట్టి గెలికింది. ముళ్లు కాళ్లలో దిగాయి, రెక్కల్లో దిగాయి. ఆమె ఆపలేదు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి మాస్టారు తిన్నదంతా భళ్లున కక్కేశారు. ఆమె ఆయన్ను నీడలోకి దొర్లించి, రెక్కతో విసురుతూ ఎండ వాలే దాకా పక్కనే కూర్చుంది.

మాస్టారు కళ్లు తెరిచారు.

"నాకు పెళ్లయిందా?" అన్నారు నీరసంగా.

"అయిందండి. పుట్ట బాగానే ఉంది" అంది కోటమ్మ.

మాస్టారికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో ముళ్లన్నీ వాలిపోయాయి. కోటమ్మ కాళ్లలో దిగిన ముళ్లు చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈకతో గెలకాలని నీకెవరు చెప్పారు?"

"ఆకు కొసన ఉందండి. నిన్న మీకు చూపిద్దామనే తెచ్చాను."

మాస్టారు గుంట పక్కనున్న ఉమ్మెత్త మొక్క వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "కోటమ్మా, ఈ ఉమ్మెత్త ఇక్కడ మొలిచిందని నాకు రెండేళ్లుగా తెలుసు, ఇవాళ జనాన్ని చూసుకుంటూ నేనే మరిచాను. పోయినేడు నీ పిల్ల దీని గింజలే తిని ఉంటుంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఎర్రాకులు చదివేవాళ్లకు చెప్పినా అర్థమవుతుందా అనుకున్నాను."

కోటమ్మ కాలిలో ముల్లు ఒకటి పీకి కింద పెట్టింది.

"నేను సరిగా చూసుకోక పోయిందనుకున్నానండి ఇన్నాళ్లూ" అంది. "ఆ తీతువుకు ఏమీ తెలీదు, తెలీకపోయినా అరుస్తాడు. మీకు అన్నీ తెలుసు, తెలిసి కూడా చెప్పరు. మరి మేం ఎవరి దగ్గరికి పోవాలి మాస్టారూ?"

మాస్టారు లేచి, తూలుకుంటూ వెళ్లి, ఆ ఉమ్మెత్త మొక్కను వేళ్లతో సహా పీకేశారు.

మర్నాడు పత్రికలో ఏం వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. 'పుట్టను పెళ్లాడిన పండితుడు! ముళ్లతో పుట్టిన కవలలు!' మొదటి ఆకు కొనుక్కున్నది ఏకాంబరం మాస్టారే. తిట్టుకోలేదు. కళ్లు చికిలించుకుని కొస దాకా చదివారు. 'ఆయన తిన్నది ఉమ్మెత్త. తాజా ఇప్పపూల తప్పేమీ లేదు. కాపాడింది కోటమ్మ' అని ఉంది అక్కడ.

ఆయన తన ఒంట్లోకెల్లా లావైన ముల్లు పీకి నాంచారమ్మకు ఇచ్చారు. "దీంతో రాయమ్మా. అక్షరం పెద్దగా పడుతుంది. ఏది రాయాలన్నా ముందు వచ్చి నన్నడుగు, నాకు తెలిసింది చెబుతాను" అన్నారు.

"ఆకులో చోటు లేదు" అని బసవలింగం గొణిగాడు. నాంచారమ్మ పుట్టింటి దారి వైపు ఒక్కసారి చూసింది. సగం ఆకు ఖాళీ అయింది.

కోటమ్మ తొమ్మిది పిల్లలనూ వెంటబెట్టుకుని ఇప్ప చెట్టు కిందికి వెళ్లింది. మాస్టారు ముందు నడిచి, ప్రతి పువ్వూ వాసన చూసి, "తినండర్రా, ఇవి మంచివి" అన్నారు. పిల్లలు కడుపునిండా తిన్నాయి. సాయంత్రం కోటమ్మ వాటిని రెక్కల కిందికి తీసుకుని లెక్కపెట్టింది. తొమ్మిదీ ఉన్నాయి.

నీతి: భయపెట్టేవాడి మాట నమ్మే ముందు ఆగి చూడాలి, భయపడేవాళ్ల మాటకు నవ్వే ముందు ఆగి వినాలి.