బుగ్గ మీద పచ్చ మచ్చ

కోటేశ్వరికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఇంజనీరింగు సీటుకి కాలేజీలూ బ్రాంచీలూ ఎంచుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు. ర్యాంకు బాగానే వచ్చింది. చేయబోయే పని ఏదో కూడా ముందునుంచే తెలుసు. దీపాల పని. ముందు నాటకాలకి, ఆ తర్వాత పెద్ద పెద్ద భవనాలకి, వంతెనలకి వెలుగు అమర్చే పని. దానికి ఏ బ్రాంచి చదవాలన్నదే తేలలేదు.

నిజం చెప్పాలంటే అదీ ఎప్పుడో తేలింది. తేలినదాన్ని సలోమి వచ్చి చెడగొట్టింది.

ఇద్దరూ నరసరావుపేటలో నాగూర్ మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. మాస్టారు నలభై ఏళ్ళుగా పద్యనాటకాలకి దీపాలు పెడుతున్నారు. దీపం పెట్టినవాడికి చప్పట్లు కొట్టిన ఊరు ఇంతవరకూ లేదు, ఆ సంగతి అట్లా ఉంచండి. మాస్టారికి పట్టింపులెక్కువ. హార్మోనియం వాయించేవాడొకడు తన తీగ తొక్కాడని ఇరవై ఏళ్ళుగా వాడితో మాట మానేశారు. తప్పు వాడిదే కాబట్టి అందులో అనడానికేం లేదు.

కోటేశ్వరికి తీగలంటే ప్రాణం. కరెంటు ఎక్కడ ఆగిపోయిందో ముడి మీద వేలు పెట్టి చూపించేది. ఎలక్ట్రికల్ తీసుకుంటానని వేసవంతా అంటూనే ఉంది. అంతలో సలోమి సెలవులకి వచ్చింది. ఏడాది పెద్దది. విజయవాడలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. వచ్చీ రాగానే దీపాలు నడిపే మాస్టారి పాత బోర్డుకి ఏవో చిన్న ముక్కలు అతికించి, దీపాలన్నిటినీ చేతిలో ఫోనులోంచే పెంచి తగ్గించింది. నాటకం వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు.

"మా సలోమి బంగారం" అన్నారు మాస్టారు.

ఆయన నోట ఆ మాట కోటేశ్వరి ఎన్నడూ వినలేదు. తనని ఒకసారి "చెయ్యి పర్లేదు" అన్నారు. అదీ ఆయన జ్వరంలో ఉన్నప్పుడు.

పైగా పరిషత్తు నాటకానికి బోర్డు సలోమి చేతికిచ్చి, తనని తీగలు చూసుకోమన్నారు. అంతే, ఈ పిల్ల కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఆ పూటే ఫోనులో తను పెట్టుకున్న బ్రాంచీల వరస మార్చేసింది. మొదట ఎలక్ట్రానిక్స్, సలోమి చదివే కాలేజీ కంటే పెద్ద కాలేజీలో. రెండోదీ ఎలక్ట్రానిక్సే. మూడోదీ అదే. ఎలక్ట్రికల్ ఎక్కడో అడుగున పడింది.

మధ్యాహ్నం రిహార్సలు వేళకి కళామందిరానికి పోయి మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, దీపాల పనికి ఎలక్ట్రానిక్సే మంచిదంట గదా?"

"ఎవరన్నారు?"

"అందరూ."

"ఆ అందరిలో నువ్వున్నావా?"

కోటేశ్వరి తల దించుకుంది. "ఎలక్ట్రికల్ వాళ్ళు తీగలు లాక్కుంటూ పోవాల్సిందేనంట. బోర్డు ముందు కూర్చునేది ఎలక్ట్రానిక్స్ వాళ్ళేనంట."

"తీగ లేని బోర్డు దేనికమ్మాయ్, వడియాలు పెట్టుకోడానికా?"

"అయితే ఎలక్ట్రికలే తీసుకోమంటారా?"

"నేనన్నానా?"

"సాయంత్రంతో గడువు అయిపోద్ది మాస్టారూ. ఒక్క మాట చెప్పండి."

"ముందు ఆ రాజుకి వెలుగు పెట్టనియ్" అని మాస్టారు స్టేజీ వైపు తిరిగారు.

స్టేజీ మీద సాంబయ్య స్టూలు మీద కూర్చునున్నాడు. పైన కిరీటం, కింద గళ్ళ లుంగీ. ఓడిపోయి అడవికి పోయే రాజు వేషం ఆయనది. సలోమి బోర్డు దగ్గరుంది. ఎడమ పక్క కట్టిన దీపాన్ని కొద్దికొద్దిగా పెంచుతోంది.

"సలోమమ్మా, ముక్కు చూపించమాక. కళ్ళు చూపించు" అన్నాడు సాంబయ్య.

"మీ ముక్కు దాచడం నా వల్ల కాదు బాబాయ్. దానికి వేరే కోర్సు ఉంటదేమో కనుక్కుంటా."

అందరూ ఘొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వారు. కోటేశ్వరి నవ్వలేదు. ఆమె చూపంతా ఎడమ పక్క దీపం మీదుంది. దీపాన్ని చూడొద్దు, దీపం పడే మొహాన్ని చూడాలి. ఈ పనిలో అడుగు పెట్టినవాళ్ళకి మొదటి రోజు చెప్పే మాట అది. ఈ పిల్లకి ఆ మాటే గుర్తు లేదు. వంకరగా బిగించిందా, దాని ముందు కట్టిన రంగు కాగితం ముడత పడిందా, ఏదో ఒకటి దొరక్కపోదా అని గుడ్లప్పగించి అదే పనిగా దీపంలోకే చూస్తోంది.

"కోటీ, ఇట్లా రా" మాస్టారు పిలిచారు. "సాంబయ్య మొహానికి వెలుగు కుదిరిందా, చూసి చెప్పు."

కోటేశ్వరి చూసింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"కుదర్లేదు మాస్టారూ! బుగ్గ మీద మచ్చ పడింది. పచ్చగా, రూపాయి బిళ్ళంత. అక్క రంగు కాగితం కాల్చేసి ఉంటది!"

సలోమి మొహం పాలిపోయింది. "నేను చూసే పెట్టానే కోటీ..." అంటూ బోర్డు వదిలి వచ్చేసింది. సాంబయ్య పాపం కండువాతో బుగ్గ తుడుచుకున్నాడు.

మాస్టారు బోర్డు వైపు చెయ్యి చూపించారు. "సలోమీ, ఆ దీపం ఆపెయ్."

దీపం ఆగింది. పైన ట్యూబులైటు ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడు చెప్పు."

కోటేశ్వరి చూసింది. మచ్చ సాంబయ్య బుగ్గ మీదే ఉంది.

"నా మొహం చూడు."

మాస్టారి తెల్లగడ్డం మీద పచ్చ మచ్చ.

"సలోమిని చూడు."

సలోమి పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. ఆమె మొహం మీదా అదే మచ్చ.

"ఫోను తీసి నీ వరస చదువు."

కోటేశ్వరి తీసింది. మొదటి వరస మీద చూపు పెడితే మచ్చ అక్కడికొచ్చింది. అడుగు వరసకి దించితే దానితో పాటు దిగింది.

"ఏముంది?"

"చదవలేకపోతున్నా మాస్టారూ. ఎక్కడ చూస్తే అక్కడికే..."

మాస్టారు కుర్చీ లాగి, తువ్వాలుతో దుమ్ము దులిపారు. "కూర్చో."

"సాయంత్రమే ఆఖరు..."

"ఇంకా బోలెడు పొద్దుంది. అది పోయిందాకా దేన్నీ ఎంచమాక."

కోటేశ్వరి కూర్చుంది. సలోమి మళ్ళీ దీపం వెలిగించింది. ఈసారి కోటేశ్వరి అటు చూడలేదు. కాసేపటికి పచ్చ పలచబడింది, బూడిద రంగైంది, అంచులు కరిగాయి. అప్పుడు సాంబయ్య మొహం బయటపడింది. సలోమి ఆ వెలుగుని కాస్త కిందికి వంచి పెట్టింది. ముక్కు నీడ పొట్టిగా పడి, రాజ్యం పోయిన రాజు కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. అట్లా వంచడం తనకి తట్టేది కాదు.

"అక్కా, వెలుగు బాగుంది. ఆ మచ్చ... నా కంట్లోది."

"చంపావు గదే! గుండె జారిపోయింది నాకు" అంది సలోమి.

కోటేశ్వరి ఫోను తీసింది. అడుగునున్న ఎలక్ట్రికల్‌ని పైదాకా తెచ్చుకుని, మరోసారి చదువుకుని, నొక్కింది.

ఏం నొక్కావని మాస్టారు అడగలేదు.

"పోయిందా?" అన్నారు.

"పోయింది మాస్టారూ."

"మళ్ళీ పడుద్ది. పడ్డప్పుడల్లా కాసేపు కూర్చో."