ఖాళీ గాదె, ఖాళీ ఆకు

పొరుగు దేశపు ధాన్యం బళ్ల కోసం ఎదురుచూసే రోజులు పోవాలని, ఏ సీమ తిండి ఆ సీమలోనే పండాలని రాజుగారు ఊళ్లకు నిధి ఇమ్మన్నారు. పంచే పని కోశాధికారి త్రిలోచనయ్యది. నిండిన గాదె చూపించిన ఊరికే నిధి అని ఆయన షరతు పెట్టాడు.

గుట్టపాడులో రెండేళ్లుగా వానల్లేవు. విత్తనాలు కూడా వండుకు తినేశారు. మిట్టమధ్యాహ్నం వచ్చిన త్రిలోచనయ్యకు ఊరిపెద్ద ఓబుళమ్మ చూపించిన గాదెలో చీమకైనా గింజ లేదు.

“ఖాళీ గాదెను చూసి నిధి ఎలా ఇవ్వనమ్మా?” అన్నాడాయన.

ఓబుళమ్మ ఎండకు వాడిన ఆయన ముఖం చూసి, కాళ్లకు నీళ్లిచ్చి, ఆకు వేసింది. ఊరంతా తలా పిడికెడు పోగుచేసిన కొర్రలతో వండిన అన్నం, ఉలవచారు పొగలు కక్కుతున్నాయి. ఆమె మాత్రం గరిటె పట్టుకుని నిలబడే ఉంది.

“వడ్డించవేమ్మా?”

“ఒక్కసారి త్రేన్చండి దొరా, వడ్డిస్తాను.”

“ఖాళీ కడుపుకి త్రేన్పెలా వస్తుంది?”

“నిండినవాళ్లకే పెట్టాలన్నది మీ షరతే కదా.”

ఆయన తల దించుకున్నాడు. ఆ దించిన తల చూసి ఆమె మనసు కరిగిపోయింది. “తిను నాయనా, మా ఇంట్లో షరతుల్లేవు” అంటూ కొసరి కొసరి వడ్డించింది.

భోజనం చివర త్రిలోచనయ్యకు పెద్ద త్రేన్పే వచ్చింది.

“ఇప్పుడు అర్హత వచ్చింది. ఇంకో గరిటె వేయనా?” అంది ఓబుళమ్మ నవ్వుతూ.

ఆయన ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“నాకు చాలు తల్లీ. ఇక మీ గాదెకు నేను వడ్డిస్తాను.”