సంధిరథానికి నలుగు

అనగా అనగా, కొండకో కొలిమి మండే కాలాన, కొలిమికొండ అనే రాజ్యం ఉండేది. దాన్ని కోనాంబ అనే రాణి ఏలేది. ఆమెకు ఒక్కడే కొడుకు, బయ్యన. మీసమైనా సరిగా రాని వయసులో కత్తి పట్టి, సైన్యంతో ఏటి ఒడ్డున నిలబడ్డాడు.

ఏటికి అవతల ఏటిగడ్డ రాజ్యపు సైన్యం నిలబడింది.

ఎవరు ముందు ఏరు దాటినా యుద్ధమే. ఇద్దరూ దాటలేదు. ఇద్దరూ వెనక్కీ పోలేదు.

అంతలో ఏటిగడ్డ రాజు నీలాద్రి దగ్గర నుంచి కబురు వచ్చింది. "యుద్ధం వద్దనుకుంటే పున్నమి నాడు వస్తాను. సంధిరథం సిద్ధం చేయించండి."

సంధిరథం తాతల నాటిది. ఎర్రని లక్కపూత పూసినది. సంధి చేసుకునే రాజులిద్దరూ అందులో పక్కపక్కన కూర్చుని ఊరేగాలి. ఎక్కేముందు, వచ్చిన రాజు తన పట్టు ఉత్తరీయాన్ని అరచేతి కింద వేసుకుని రథమంతా తడిమి చూస్తాడు. చేతికి గరుకు తగిలిందా, సంధి లేదు. అది రెండు రాజ్యాల ఆచారం.

కోనాంబ రథశాల తలుపులు తీయించింది. నీళ్ళతో కడిగించింది. దుమ్మంతా పోయి రథం ఎర్రగా నవ్వింది.

"ఇంకేం, పెళ్ళికూతురే!" అన్నాడు సేనాపతి గుండమనాయుడు.

రాణి పట్టు కొంగు చేతికింద పరిచి తడిమింది. కంటికి నున్నగా ఉన్నది చేతికి ఇసుక చల్లినట్టు ఉంది.

వంగి చూస్తే సన్నని నల్లని నలకలు. ఏడాది పొడుగునా కత్తుల కోసం కొలుములు మండాయి. ఆ ఇనుప రజను గాలిలో ఎగిరి, వేడివేడిగా వాలి, లక్కను కరిచి పట్టుకుంది. కొలుములు రాజేయమన్నది ఎవరు? తనే.

"చిటికెలో పని, మహారాణీ," అన్నాడు సేనాపతి. "కొబ్బరిపీచు, ఇటుకపొడి. కత్తికి పట్టిన తుప్పే ఊడిపోతుంది. ఈ నలకలెంత?"

అంటూనే పీచు పట్టుకుని రథం ముందుకు నడిచాడు.

"ఆగండి నాయుడుగారూ! ముందు ఎవరికీ కనపడని చోట."

పీఠం అడుగున ఒక చెక్క చూపించింది. సేనాపతి పడుకుని రుద్దాడు. నలకలు పోయాయి. వాటితో పాటు మెరుపూ పోయింది. పిల్లి గీరినట్టు చెక్క నిండా చారలు.

"చేయి కాస్త బరువైంది," అన్నాడు సేనాపతి.

"పీచుకు చేయి బరువు, చేతికి తొందర బరువు," అంది రాణి.

రెండోవాడు వంటశాల పెద్ద అక్కిరాజు. బుంగెడు చింతపండు పులుసు మోయించుకుని వచ్చాడు.

"తల్లీ, ఇత్తడి గుండిగలు చూశారు కదా, మొహం చూసుకోవచ్చు! పులుపు ముందు ఏ కిలుము నిలుస్తుంది?"

"అదీ కనపడని చోటే."

పక్క చెక్క మీద పులుసు పట్టించారు. ఆరాక కడిగితే లక్క పాలిపోయి, అడుగంటిన గిన్నెలా అయింది. నలకలు మాత్రం కదల్లేదు.

అక్కిరాజు తల గోక్కున్నాడు. "చింతపండు తప్పు లేదు, తల్లీ. లక్కే మరీ సున్నితం."

"సున్నితమైనదని తెలిసీ దాని మీదికి పులుపు తెచ్చిందెవరయ్యా?"

"రెండు చెక్కల మీద చూసింది చాలదా, మహారాణీ? ఇక కత్తితో గీకేద్దాం," అన్నాడు సేనాపతి.

రాణి ఇద్దర్నీ పంపేసింది. ఒంటరిగా రథం మీద చేయి వేసి నిలబడింది. ఎర్రగా, గుండ్రంగా ఉన్న ఆ రథం వెనుక భాగం చేతికింద చల్లగా ఉంది. ఎందుకో పసితనంలో బయ్యన వీపు గుర్తొచ్చింది. పుట్టినప్పుడు వాడి వీపు నిండా నూగు. తను వాడిని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఒళ్ళంతా నూనె రాసి, నలుగుపిండి ముద్దను మెల్లగా దొర్లించేది. ముద్ద నూగును పట్టుకుని వచ్చేసేది. బిడ్డ ఒళ్ళు కందేది కాదు. వాడైతే నిద్రపోయేవాడు.

"రుద్దితే కందుతుందే, దొర్లిస్తే వస్తుంది," అని ఆమె తల్లి చెప్పిన మాట.

మర్నాడు చెరువు అడుగు నుంచి జిగురు బంకమన్ను తెప్పించింది. నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టించింది. మళ్ళీ వడగట్టించింది. ఇంకోసారీ వడగట్టించింది. ఒక్క ఇసుక రేణువు ఉన్నా అది మన్ను కాదు, గోరు. పేరుకున్న మన్నును మెత్తని ముద్ద చేసి, కుంకుడు నురుగులో తడిపింది.

సేనాపతి నోరు తెరిచాడు. "రథానికి నలుగు పెడతారా, మహారాణీ? అక్షింతలు కూడా తెప్పించమంటారా?"

"తెప్పించండి. సంధి కుదిరితే పనికొస్తాయి."

ఆమె కూడా ముందు పీఠం అడుగునే చూసుకుంది. తర్వాత రథం మీదికి వచ్చింది. నురుగు పోసి, ముద్దను నొక్కకుండా జార్చింది. మొదట గరగరమంది. తర్వాత చప్పుడు తగ్గింది. తర్వాత అసలు వినపడలేదు. ముద్ద తిప్పి చూస్తే మొహం నల్లబడింది. నలుపును లోపలికి మడిచి, తాజా మొహం బయటికి తీసి, మళ్ళీ జార్చింది.

సేనాపతి ఒక పట్టుగుడ్డ వేసి తడిమాడు. గరుకు తగల్లేదు. ఇక పరిహాసం లేదు. కుంకుడు నీళ్ళ కడవ తనే మోశాడు.

పున్నమి నాటికి రథమంతా వెన్నలా అయింది. వెనక ఒక్క అరచేతి మేర మిగిలింది. అప్పుడే ఏటి వైపు నుంచి బూరా మోగింది. నీలాద్రి రాజు వచ్చేశాడు!

రాణి చటుక్కున అటు తిరిగింది. ముద్ద జారి నేల మీద, ఇసుకలో పడింది.

సేనాపతి గబుక్కున తీసి తుడిచాడు. "ఏం కాలేదు! కొత్త ముద్ద చేసే వేళ లేదు, కానివ్వండి."

"ఇసుక తిన్న ముద్ద. గీతలు పడతాయి."

"పడితే మైనం నింపుదాం. పట్టు కింద చేతికి ఏం తెలుస్తుంది? నలకలైతే తెలుస్తాయి! తెలిస్తే సంధి లేదు. సంధి లేకపోతే బయ్యన బాబు..."

రాణి ముద్దను అందుకుంది. తీసి బయటికి విసిరేసింది.

"నలక రేపైనా వస్తుంది. గీత ఎన్నటికీ పోదు."

నీలాద్రి ముసలివాడు. మీసం తెల్లన, చూపు చురుకు. ఉత్తరీయం చేతికింద వేసుకుని రథం చుట్టూ నడిచాడు. ముందు నున్నగా ఉంది. పక్కలు నున్నగా ఉన్నాయి. వెనక చేయి ఆగింది.

ఉత్తరీయం సర్దుకుని అక్కడే మళ్ళీ తడిమాడు.

"ఏమిటిది, మహారాణీ?"

"ఇనుప రజను."

"ఎక్కడిది?"

"మా కొలుములది. మీ మీదికి కత్తులు చేయించాను. ఆ రజను ఇక్కడ వాలింది. మిగతాదంతా తీశాను. ఇక్కడికొచ్చేసరికి ముద్ద ఇసుకలో పడింది. ఆ ముద్ద వాడి, గీతకు మైనం నింపితే మీ చేతికి తెలిసేది కాదు. కానీ ఎండకు మైనం కరుగుతుంది, అయ్యా. కరిగాక మీరు దేన్ని నమ్ముతారు?"

ముసలిరాజు చేయి తీశాడు. తర్వాత మీసం కింద నవ్వాడు.

"మా ఇంటి గుమ్మాలకూ ఇదే రజను అంటుకుంది, తల్లీ. మా వాళ్ళు సున్నం కొట్టించి దాచారు. ఇంతకీ ఏ ముద్ద అది?"

"నలుగుముద్దలాంటిది. మన్నుతో చేశాను."

"అయితే మళ్ళీ చేయించండి. ఆగుతాను. మా కోడలు మనవడికి పెడుతుంటే చూశాను. ఈ మిగిలింది నేనే తీస్తాను."

మన్ను వడగట్టి, తేర్చి, ముద్ద చేసేదాకా ముసలిరాజు కొలిమికొండలోనే ఉన్నాడు. తన చేత్తోనే ఆఖరి నలక తీశాడు. తీసి, "కొలుములు మండుతుంటే రేపు మళ్ళీ వాలుతుంది కదా?" అన్నాడు.

"ఈ పూటే ఆర్పిస్తాను."

"మావి కూడా."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊరేగారు. సేనాపతి దాచిపెట్టిన అక్షింతలు పనికొచ్చాయి.

బయ్యన ఏటి ఒడ్డు నుంచి ఇంటికొచ్చాడు. మొహమంతా దుమ్ము. కోనాంబ వాడి చెంప మీద చేయి వేసి తడిమింది.

"గరుకు తగులుతోందిరా. నలుగు పెట్టనా?"

"అమ్మా! సైనికులు చూస్తున్నారు!"

కొలిమి బూడిదకు చేరింది, రథం శాలకు చేరింది, బిడ్డ తల్లికి చేరాడు.

మొండిగా అంటినదాన్ని మొరటుతనం వదిలించలేదు. మెత్తని చేత్తో, ఓపికతో తియ్యాలి, తియ్యలేనిది మిగిలితే దాచకుండా చెప్పాలి.