పచ్చి జావ్‌జు

హుయ్‌జెన్ గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా ముందు సంవత్సరం చెప్పేవాడు, తర్వాత కాలం చెప్పేవాడు. జవాబు మాత్రం చెప్పేవాడు కాదు. ఒకనాడు శిష్యుడు యువాన్, "గురువుగారూ, యుద్ధం ఎక్కడ ముగుస్తుంది?" అని అడిగితే, ఆయన ఎండలో బాసింపట్టు వేసుక్కూర్చుని, "1948, చలికాలం" అని కథ మొదలుపెట్టాడు.

ఆ చలికాలం సూచో నగరానికి నైరుతిన ఉన్న మైదానంలో కమ్యూనిస్టు సేన జాతీయవాదుల సేనను నలువైపులా చుట్టుముట్టి కూర్చుంది. లోపలివాళ్ళకు విమానాలు విసిరే మూటలే గతి. మంచు ముసిరాక అవీ రాలేదు. గుర్రాలను తినేశారు, చెట్ల బెరడు తినేశారు. బయటివాళ్ళకు మాత్రం ఊళ్ళ జనం ఒంటిచక్రపు బండ్ల మీద పిండి తోసుకొచ్చి ఇచ్చేవాళ్ళు. అలా వచ్చిన పిండితో నలభైమంది దళానికి వండిపెట్టేవాడు గావో. షాన్‌డాంగ్ మనిషి, మహా మొండి.

ఏడాదిలోకెల్లా పగలు పొట్టిదైన రోజు వచ్చింది. ఆ రోజు జావ్‌జు తినకపోతే చలికి చెవులు రాలిపోతాయని అక్కడి ఉత్తరాదివాళ్ళ నమ్మకం. కజ్జికాయల్లా మడిచి, లోపల మాంసం, క్యాబేజీ కూరి, నీళ్ళలో ఉడికించే వంటకం అది. గావో తెల్లవారి లేచి నాలుగు వందలు మడిచాడు. పలకల మీద పేర్చినవి పేర్చినట్టే రాళ్ళలా గడ్డకట్టాయి. మధ్యాహ్నం మొదటి వాయి కుండలో పడేసరికి గాలి అటు తిరిగి, కేకవేటు దూరంలో ఉన్న ఎదుటి కందకంలోకి ఆవిరిని మోసుకెళ్ళింది.

అవతలినుంచి ఒక గొంతు లేచింది. "పెద్దన్నా! ఆ వాసన మేకమాంసానిదా, నీ మేజోళ్ళదా?"

అన్నవాడి యాస గావో సొంత జిల్లాదే. గావోకు ఒళ్ళు మండింది. తిట్టినా ఊరుకుంటాడు గానీ వంటను అంటే ఊరుకోడు. పలక మీదినుంచి ఒక జావ్‌జు తీసి, "రుచి చూసి మాట్లాడరా!" అని బలంకొద్దీ విసిరాడు. అది వెళ్ళి ఎవడి ఇనప టోపీకో ఖంగుమని తగిలింది. "బాంబు!" అని అరిచి అవతల అందరూ బోర్లా పడ్డారు. ఎంతసేపటికీ అది పేలలేదు. తర్వాత అదే గొంతు, కాస్త దిగులుగా, "అన్నా... పచ్చిదే!" అంది.

"పచ్చిది కొరికావట్రా?" గావో గుండె బాదుకున్నాడు. "కుండ ఇక్కడుంటే! పట్రా దాన్ని ఇటు, ఉడికించి పెడతాను!"

దళపతి లువాన్ అతని చొక్కా పట్టుకుని లాగాడు. "శత్రువుకు పొయ్యి దగ్గర పీట వేస్తావా?"

"పండగపూట ఎదుటివాడి కడుపు మాడ్చి మనం తినడం మా ఇంటా వంటా లేదయ్యా. కాలిస్తే నన్ను కాల్చండి." గావో గరిటెతో సహా కందకం గట్టెక్కి నిలబడ్డాడు.

అవతలినుంచి ఒక కుర్రసిపాయి లేచాడు. తుపాకీ లేదు. దోసిట్లో, పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు, పంటి గాటు పడ్డ ఆ జావ్‌జును పట్టుకుని మంచులో నడవసాగాడు. ముందు నలభై తుపాకులు, వెనక ఎన్నో తెలియదు. గావో, "తిన్నగా రా, తమ్ముడూ. జారావంటే దాన్ని కింద పడేస్తావు" అన్నాడు, ఆ రోజు అంతకంటే పెద్ద ఆపద లేనట్టు. ఎటునుంచీ ఒక్క తూటా పేలలేదు.

కుర్రవాడు వచ్చి దాన్ని తన చేతులతోనే కుండలో వేశాడు. అది ఉడికి పైకి తేలేవరకు నలభైమందీ మెడలు చాచి చూశారు. తేలగానే ముందుగా నవ్వినవాడు లువానే. ఆ నవ్వు విని అవతలివాళ్ళు ఒక్కొక్కరే లేచి, ముప్పై ఒక్కమంది, గిన్నెలు పట్టుకుని వచ్చేశారు. గావో వరసలో తోసుకున్నవాళ్ళను ఏ పక్షమని చూడకుండా గరిటెతో మొట్టాడు. మనిషికి పది అనుకున్నవి అయిదారేసి వచ్చాయి.

యువాన్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే యుద్ధం అక్కడ ముగిసిందన్నమాట!"

"ఆ కుండ దగ్గర ముగిసింది" అన్నాడు గురువు. "మిగతా మైదానంలో ఇంకా పందొమ్మిది రోజులు పట్టింది. గావో దళంలో పదిహేడుగురు చనిపోయారు."