వార్డులో వాన వాసన

"ఇక నా దగ్గర మందు లేదమ్మా," అన్నాడు డాక్టరు ఓబులేసు, దర్గా మెట్టుమీద కూలబడి.

నూర్‌బీ అమ్మ తస్బీ పూసలు జరుపుతూ వింది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. ఎర్రగుట్ట దర్గాకు ఇప్పుడు ఆమే గురువు. దర్గా పక్కనున్న ధర్మాసుపత్రికి ఓబులేసు డాక్టరు. పెద్ద చదువు చదివి, పట్నం జీతం కాదనుకుని వచ్చి, ఆమె చేతిలో చెయ్యి వేసి శిష్యుడైనవాడు.

ఆడవాళ్ళ వార్డులో సుంకులమ్మకు కాన్పు ఆపరేషన్ గాయం మానడం లేదు. చీము, జ్వరం. ఆ చీములోని క్రిమిమీద ల్యాబువాళ్ళు ఉన్న మందులన్నీ ప్రయోగించి చూశారు. ఒక్కదానికీ లొంగలేదు. ఎందుకు లొంగుతుంది? తుమ్మితే ఒక యాంటీబయాటిక్, దగ్గితే ఇంకోటి, సగం మింగి సగం గూట్లో పెట్టడం. ఊరూరా డాక్టర్లూ, డాక్టర్లు కానివాళ్ళూ కలిసి దానికి ఇన్నాళ్ళూ సాము నేర్పారు. అదిప్పుడు ఆసుపత్రికే వచ్చి తొడగొట్టింది. పోయినవారం పక్క మంచంలోని చెన్నమ్మను తీసుకుపోయింది. హైదరాబాదు నుంచి మరో మందు వస్తుందంటున్నారు. పని చేస్తుందని మాత్రం ఎవరూ అనడం లేదు.

"సుంకులమ్మ కోసం దువా చెయ్యమ్మా," అన్నాడతను. "ఇంకో ఇద్దరికి కూడా ఒళ్ళు వెచ్చబడింది. పనిముట్లు ఉడకబెట్టిస్తున్నాను, నేల కడిగిస్తున్నాను, కట్టు కట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటున్నాను. అయినా ఆ క్రిమి మంచం నుంచి మంచానికి నడిచిపోతోంది."

"దానికి కాళ్ళున్నాయా, నాయనా?"

ఆమె లేచి అతని భుజం పట్టుకుంది. "నన్ను వార్డుకు తీసుకుపో."

ఆ ఆసుపత్రికొక ఆచారముంది. పేరడిగే ముందు చెయ్యి పట్టుకోవాలి. నూర్‌బీ అమ్మ గురువు పెట్టిన నియమమది. ఎక్కడా ఎవరూ ముట్టుకోని మనుషులు అక్కడికి వచ్చేవాళ్ళు మరి. ఓబులేసు ఆ నియమాన్ని ప్రాణంగా పట్టుకున్నాడు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ప్రతి మంచం దగ్గరా కూర్చుని, ఉత్త చేత్తో చెయ్యి పట్టుకుని మాట్లాడేవాడు. అది అతని లెక్కలో వైద్యం కాదు, పూజ. మధ్య మధ్యలో చేతులు కడుక్కోమని ఒక నర్సు మంచానికో చెంబూ సబ్బూ పెడితే, కేకలేసి తీయించేశాడు.

మండువేసవి. వార్డంతా సగం నిద్రలో ఉంది. తెల్లటి కర్టెన్లు ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, మళ్ళీ కిటికీకి అతుక్కుంటున్నాయి. నూర్‌బీ అమ్మ సుంకులమ్మ పక్కన కూర్చుని నడుముకున్న సంచిలోంచి చిన్న సీసా తీసింది. మట్టి అత్తరు. దాన్ని ఆ పిల్ల ముంజేతికీ అరచేతికీ మెల్లగా రాసింది.

నెర్రెలిచ్చిన నేలమీద తొలి చినుకు పడ్డ వాసన గుప్పుమంది. జ్వరంలో ఉన్న సుంకులమ్మ కళ్ళు తెరవకుండానే నవ్వింది.

"వానొచ్చిందా అమ్మా?"

"వస్తుందిలే. పడుకో." అమ్మ కొంగుతో చేతులు బాగా తుడుచుకుని, పోయి గుమ్మం దగ్గర స్టూలుమీద కూర్చుంది. "నీ పని నువ్వు చేసుకో, ఓబులేసూ."

అతను సుంకులమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తరవాత పక్క మంచానికి వెళ్ళాడు. ఆ పక్కదానికి వెళ్ళాడు. ఎప్పటిలాగే.

అతని వెనకే వార్డులో వాన మొదలైంది. ఒక ముసలమ్మ నిద్రలోనే, మిద్దెమీద మిరపకాయలు తడిసిపోతాయని కోడలిని తిట్టింది. ఇంకొకామె మేకల్ని లోపలికి తోలమంది. మరొకామె మొహం పైకెత్తి, చినుకులు మీద పడుతున్నట్టు అలా ఉండిపోయింది. కిటికీ అవతల ఆకాశం పెనంలా కాలుతూనే ఉంది. ఓబులేసుకూ హాయిగానే ఉంది. అమ్మ వచ్చింది కదా, ఏదో చల్లదనం కమ్ముకుందనుకున్నాడు.

చివరి మంచంలో మాబున్ని. పక్కన నిన్న పుట్టిన బిడ్డ. అతను తల్లి చెయ్యి పట్టుకుని, బిడ్డ తల నిమిరి లేచాడు.

అప్పుడు నూర్‌బీ అమ్మ కదిలింది. మంచాల పక్కగా నెమ్మదిగా నడుస్తూ, ప్రతి చోటా వంగి వాసన చూసింది.

"ఇక్కడ వాన పడింది," అంది ముసలమ్మ దగ్గర.

"ఇక్కడా పడింది," అంది మేకలామె దగ్గర.

చెన్నమ్మ పోయాక ఖాళీగా ఉన్న మంచం దగ్గర కూడా ఆగింది. మాటల మధ్యలో ఓబులేసు చెయ్యి ఆనించిన ఇనప కమ్మీ వైపు వంగింది. "మనిషి లేని చోటా పడింది."

చివరికి మాబున్ని బిడ్డ మీదకు వంగింది. పాల వాసన రావలసిన నెత్తిమీద తడిమట్టి వాసన.

"అత్తరు నేనెవరికి రాశాను నాయనా?"

"సుంకులమ్మకు."

"ఇంకెవరికి?"

"ఇంకెవరికీ రాయలేదమ్మా."

అతను తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఖాళీ మంచం వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. నీళ్ళ తొట్టి దగ్గర అతను గోడకానుకుని, ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. చిన్నప్పుడు తల్లి వెంట తాలూకా ఆసుపత్రికి పోయాడట. డాక్టరు ఆమె నాడి పట్టుకున్నాడు. వెంటనే, ఆమె చూస్తుండగానే, సబ్బుతో మోచేతుల దాకా తోముకున్నాడు. ఏ పేట అని అడిగి మరీ తోముకున్నాడు. చేతులు అంత శుభ్రంగా కడుక్కునే ఆ పెద్దమనిషి నోరు మాత్రం ఏ నీళ్ళతో కడగాలో ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంటిదాకా ఆ చెయ్యి కొంగులో దాచుకునే నడిచింది.

"కడుక్కోవాలని నాకు తెలియదా అమ్మా? తాకిన మనిషి ముందు నేను చేతులెలా కడుక్కోను? మళ్ళీ మా అమ్మ మొహం చూడాలా?"

సాయంత్రం నమాజుకు పిలుపు వినపడింది. నూర్‌బీ అమ్మ రాతిపీటమీద కూర్చుని చేతులు చాపింది. అతను అలవాటుగా కొమ్ముచెంబుతో నీళ్ళు పోశాడు. ఆమె మణికట్టుల దాకా, వేళ్ళ సందులు వదలకుండా కడుక్కుంది. నోరు పుక్కిలించి, మొహం, మోచేతులు కడుక్కుంది. తడిచేత్తో తల నిమురుకుంది. పాదాలు కడుక్కుంది.

"ఈ నీళ్ళు దేనికి పోశావు?"

"నమాజుకమ్మా."

"అయిపోయిన నమాజుకా? చెయ్యబోయే నమాజుకా?"

చెంబు వంచిన చెయ్యి వంచినట్టే ఆగిపోయింది. ఆమె తడి కాళ్ళతో, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఓబులేసు చెంబు నింపుకున్నాడు. సబ్బూ, పళ్ళెమూ పట్టుకుని వార్డులోకి వెళ్ళాడు. సుంకులమ్మ లేచి దిండుకు ఆనుకుని ఉంది. ఆమెకు కనపడేలా, మంచం పక్కనే నిలబడి చేతులు కడగడం మొదలుపెట్టాడు.

సుంకులమ్మ మొహం వాడిపోయింది. అత్తరు రాసిన చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి జరిగింది.

ఆ మొహం అతనికి తెలుసు. అయినా ఆపలేదు. వేళ్ళ సందులు వదలకుండా, అమ్మ కడుక్కున్నంత నిదానంగా కడుక్కున్నాడు. తరవాత ఆమె పక్కన కూర్చున్నాడు. నీళ్ళు కారుతున్న రెండు చేతులూ ఆమె ముందు చాపి, ఊరికే ఎదురుచూశాడు.

సుంకులమ్మ ఆ చేతుల్ని చూసింది. అతన్ని చూసింది.

దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికొచ్చింది. మధ్యలో ఆగింది.

"ఉండు సామీ," అంది. "నా చేతిమీద గూడా రొన్ని నీళ్ళు పొయ్యి."